భీమవరంలో కొన్న మేత రొయ్యలు: ఒక దుకాణంతో నాలుగు నెలల అనుభవం

పాలకొల్లులోని మా ఇంట్లో ఏడాదిగా ఒక కొర్రమీనును నాలుగు అడుగుల తొట్టిలో పెంచుతున్నాము. ఎంత ప్రయత్నించినా అది బిళ్లల మేతను ముట్టదు, కదిలే ఆహారాన్నే పట్టి తింటుంది. అందువల్ల దానికి బతికున్న చిన్న మంచినీటి రొయ్యలు కొనక తప్పడం లేదు. చుట్టూ ఎటు చూసినా రొయ్యల చెరువులే అయినా ఇంటి తొట్టికి పనికివచ్చే రొయ్య దొరకడం సులభం కాదు, ఎందుకంటే చెరువుల్లో పెంచే వెనామీ అనే ఉప్పునీటి రకం రొయ్యను నేరుగా మంచినీటిలో వేస్తే నిలవదు.

భీమవరంలో అలంకార చేపలు అమ్మే ఒక చిన్న దుకాణం నుంచి నాలుగు నెలలుగా రెండు వారాలకొకసారి వంద రొయ్యలు తెచ్చుకుంటున్నాను. వందకు 250 రూపాయలు తీసుకుంటారు. అంతకు ముందు మరొక చోట చవకగా కొన్నప్పుడు సంచి విప్పేసరికే సగం రొయ్యల ఒళ్లు పాలలా తెల్లబడి ఉంది, మూడో నాటికి ముప్పై కూడా మిగలలేదు. ఆరోగ్యంగా ఉన్న రొయ్య గాజులా ఉంటుంది, దాని వీపు వెంబడి పేగు నల్లని గీతలా కనబడుతుంది. ఈ దుకాణంలో ఆ గీతను చూసే కొనుక్కోవచ్చు. బకెట్లో కుక్కి ఉంచకుండా, స్పాంజ్ ఫిల్టర్ నడుస్తున్న తొట్టిలో నాచు మధ్య ఉంచుతారు, మన ఎదుటే వలతో పట్టి బలహీనమైన వాటిని పక్కన పెడతారు. సంచిలో ఆక్సిజన్ నింపడంతోపాటు, రొయ్యలు పట్టుకుని కూర్చోవడానికి పిడికెడు నాచు కూడా వేస్తారు. పాలకొల్లు చేరేవరకు అవి ఒకదానిపై ఒకటి పడకుండా ఉండటానికి ఆ నాచే కారణమని నా నమ్మకం.

అయితే నేను ఈ దుకాణానికి నిజంగా రుణపడింది రొయ్యల కోసం కాదు, ఒక పాత స్పాంజ్ కోసం. మొదటిసారి రొయ్యల కోసం పెట్టిన కొత్త తొట్టిలో కొత్త ఫిల్టర్ బిగించి రొయ్యలు వేస్తే రోజుకు ఐదారు చొప్పున చనిపోయాయి. చెరువు రైతులు నీళ్ల సీసాలతో వరుసలో నిలబడే ఆక్వా ల్యాబ్‌కు నేనూ ఒక సీసా పట్టుకెళ్లి పరీక్ష చేయిస్తే రొయ్యల వ్యర్థాల నుంచి పుట్టే అమ్మోనియా ఎక్కువగా ఉందని తేలింది. అమ్మోనియాను నైట్రైట్‌గా, దానిని నైట్రేట్‌గా మార్చే బాక్టీరియా కొత్త స్పాంజ్‌లో ఇంకా పుట్టలేదన్నమాట. పైగా పీహెచ్, వేడి పెరిగేకొద్దీ అదే అమ్మోనియా మరింత విషంగా మారుతుంది, మన ఎండలకు ఆ ప్రమాదం ఎప్పుడూ పొంచే ఉంటుంది. ఈ సంగతి చెప్పగానే దుకాణదారుడు తన తొట్టిలో నెలల తరబడి నడిచిన స్పాంజ్‌ను తీసి, ఆరకుండా నీటిలోనే ఉంచి, డబ్బు తీసుకోకుండా ఇచ్చారు. పది రోజుల్లో చావులు ఆగిపోయాయి.

రొయ్యలను తొట్టిలోకి దించే పద్ధతి కూడా ఆయన చెప్పిందే. సంచిని ఇరవై నిమిషాలు తొట్టిలో తేల్చి, తరువాత సన్నని గొట్టంతో తొట్టి నీటిని గంటన్నర పాటు చుక్కచుక్కగా కలిపి, రొయ్యలను మాత్రమే వలతో ఎత్తి వేయాలి. మేత విషయంలో మాత్రం నేను చెరువు రైతుల చెక్ ట్రేని, అంటే మేత ఎంత మిగిలిందో చూడటానికి నీటిలో దించే పళ్లేన్ని, అనుసరించాను. చిన్న మట్టి మూకుడులో ఉడికించిన తోటకూర ఆకు వేసి, రెండు గంటల తరువాత మిగిలింది తీసివేస్తాను. రొయ్య తిన్నదే రేపు కొర్రమీను కడుపులోకి వెళ్తుంది కనుక, చేపకు వేసే ముందు రోజు రొయ్యలకు స్పిరులినా అనే పోషకాల పాచి కూడా పెడతాను. గుల్ల విడిచిన రొయ్య మెత్తగా ఉన్న కాసేపట్లో తోటి రొయ్యలే దాన్ని తినేస్తాయి, అందుకే దాక్కోవడానికి నాచు దట్టంగా ఉండాలి. విడిచిన గుల్లను తీయకూడదు, దానిలోని కాల్షియం కోసం రొయ్యలే దాన్ని తింటాయి.

దుకాణంలో లోపాలూ ఉన్నాయి. పాచి పోవడానికని ఒకసారి నాకు నీలం రంగు ద్రావణం అమ్మారు. ఇంటికి వచ్చి సీసా మీద చదివితే అందులో ఉన్నది మైలుతుత్తం, అంటే రాగి లవణం. రాగి రొయ్యలకు విషమని తెలిసిన చోట ఇలా జరగకూడదు. తిరిగి ఇచ్చినప్పుడు మాట్లాడకుండా తీసుకున్నారు కాని, అదే సీసా ఇప్పటికీ రొయ్యల తొట్టి పక్కనే అమ్మకానికి ఉంది. దోమల మందు ఆవిరి కూడా రొయ్యలను చంపగలదని కొనేవారికి ఎవరూ చెప్పరు. కరెంటు పోతే ఏమి చేయాలో కూడా చెప్పరు. కొర్రమీను పైకి వచ్చి గాలి పీల్చుకుని బతుకుతుంది, రొయ్యకు ఆ వీలు లేదు. బ్యాటరీతో నడిచే గాలి పంపు నేను సొంతంగా సమకూర్చుకున్నదే.

వేసవిలో కాలువలకు నీరు ఆపేశాక ఇక్కడి సరుకు కూడా నాసిగా ఉంటోంది. పోయినసారి తెచ్చిన వందలో పదకొండింటికి చెంప పక్కన పరాన్నజీవి బుడిపెలు ఉన్నాయి. వాటిని వేరు చేశాను, ఆ నీటిని కాలువలో కలపకుండా పెరట్లో మొక్కలకు పోశాను. పై నుంచి నీరు వదిలి కాలువలు తేరుకున్నాక మళ్లీ ఈ దుకాణానికే వెళ్తాను, అప్పటి వరకు ఉన్న అరవై రొయ్యలనే పొదుపుగా వాడుతున్నాను.