జడ్చర్ల నుంచి లేహ్‌కు లారీలో: రాత్రి ఎక్కడ ఆపాలి?

మా జడ్చర్లలో డిసెంబరు తెల్లవారుజామున పన్నెండు డిగ్రీల చలి పడితేనే డ్రైవర్లు సెల్ఫ్ కొట్టే ముందు ఒకసారి దేవుడి పటం వైపు చూస్తారు. అటువంటి ఊరి నుంచి, నవంబరు రెండో వారంలో, కొత్త కాలుష్య ప్రమాణాల (బీఎస్-6) పది టైర్ల లారీలో ప్లాస్టిక్ పైపుల లోడుతో నేనూ నల్లగొండకు చెందిన మా డ్రైవరూ లేహ్‌కు బయలుదేరాము. ఈ దారిలోని బసలను, బంకులను, మెకానిక్‌లను నేను తూచింది ఒకే తూకంతో: తెల్లవారి ఆరు గంటలకు బండి అందుకుందా, లేదా. పరుపు మెత్తదనమూ పప్పు రుచీ ఆ తరువాతి సంగతి.

మా ఊరి మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారే శ్రీనగర్ దాకా పోతుంది కనుక దారి వెతుక్కునే పని లేదు. నాగపూర్, ఆగ్రా, పానిపట్ మీదుగా జమ్మూ చేరేదాకా డాబాలన్నీ ఒకే తీరు. నులక మంచం, దాల్, రొట్టె, రాత్రంతా కాపలా. జమ్మూలో ఒక బంకు దగ్గర పార్కింగ్ విశాలంగా ఉండడం చూసి, ట్యాంకు నిండుగా డీజిల్ పోయించాము. మా తప్పు అక్కడే మొదలైంది, బంకు వాళ్ల తప్పు ఇసుమంతైనా లేదు.

డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాను ఎండలో పెట్టుకునే మనకు ఇది కొత్త విషయం కాదు. నూనె గడ్డ కట్టినట్టే డీజిల్‌లోని మైనమూ పలుకులు కట్టి, మొదట ఫిల్టర్‌ను మూసేస్తుంది. మన దేశపు ప్రమాణం ప్రకారం ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు, చలికాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు మించకూడదు. అసలు సరుకు అంతకన్నా కొంత మెరుగ్గానే ఉండవచ్చు గాని, సున్నాకు పది, పన్నెండు డిగ్రీల కిందికి పోయే రాత్రికి దాన్ని నమ్ముకోరాదు.

సోనమర్గ్ దాటి, 3,500 మీటర్లకు పైబడిన జోజిలా కనుమ ఎక్కి దిగేసరికి చీకటి పడింది. ద్రాస్‌లో మాకు దొరికిన బస, గదిగా చూస్తే, ఈ యాత్ర మొత్తంలో ఉత్తమమైనది. బుఖారీ పొయ్యి, మందపాటి రజాయిలు, యజమాని ఆప్యాయత, దేనికీ వంక పెట్టలేము. అయితే లారీ ఆపే చోటు నదివైపు తెరిచి ఉన్న మైదానం కావడంతో రాత్రంతా గాలి ఇంజిన్‌నే కొట్టింది. పొద్దున యజమాని తన ఫోనులో మైనస్ 12 చూపించాడు.

మా డ్రైవర్ నాలుగుసార్లు సెల్ఫ్ కొట్టి కిందికి దిగాడు. "అన్నా, సెల్ఫ్ తిరుగుతున్నది గాని బండి అందుకుంటలేదు. ఇంక కొడితే బ్యాటరీలు పోతయ్" అన్నాడు. ఫిల్టర్ అడుగున నీళ్లు వేరుపడే గిన్నెను విప్పి, అందులోనిది గాజు టీ గ్లాసులోకి వంచితే, వచ్చింది డీజిల్ కాదు, చల్లారిన గంజి. పక్కన రెండు మూడు మంచు పలుకులు కూడా టక్కున రాలాయి. డీజిల్ ఇంజిన్‌కు ప్లగ్గు నిప్పు ఉండదు, ఒత్తిడికి వేడెక్కిన గాలే మంట పుట్టించాలి, చల్లని ఇనుము ఆ వేడినే లాగేసుకుంటుంది. దానికి తోడు చలికి బ్యాటరీ బలం తగ్గి, ఇంజిన్ ఆయిల్ చిక్కబడి, పైనుంచి డీజిల్ కూడా అందకపోతే ఇంజిన్ ఏం చేస్తుంది?

పక్క లారీవాళ్లు ట్యాంకు కింద కట్టెలు పేర్చి మంట పెడదామన్నారు. నేను ఒప్పుకోలేదు, ఇప్పటికీ ఒప్పుకోను. కిరోసిన్ కలపమన్న సలహానూ వదిలేశాము. పాత ఇంజిన్లు దాన్ని భరించేవి గాని, కిరోసిన్ వంటి జిడ్డు లేని నూనె పడితే, ఇప్పటి ఇంజిన్లలో డీజిల్‌ను తీవ్ర ఒత్తిడితో చిమ్మే కామన్ రైల్ పంపు, ఇంజెక్టర్లు అరిగిపోతాయి. యజమాని సమోవార్ నిండా వేడినీళ్లు తెచ్చాడు, గోనెపట్టా చుట్టిన ఫిల్టర్ మీద, పైపుల మీద ఆగి ఆగి పోశాము. కొత్త ఫిల్టర్ బిగించి, హ్యాండ్ పంపుతో గాలి తీసి, పదకొండు గంటలకు స్టార్టు చేయగలిగాము. పొగలోని కాలుష్యం తగ్గించేందుకు ఇటువంటి బండ్లలో వేరే ట్యాంకులో పోసే యూరియా ద్రావణం కూడా మైనస్ 11 దగ్గర గడ్డ కడుతుంది, అయితే దాని ట్యాంకుకు వేడి ఏర్పాటు ఉంటుంది కనుక స్టార్టింగ్‌కు అడ్డం రాలేదు.

కార్గిల్‌లో బస సాదా, స్నానానికి బకెట్టు వేడినీళ్ల కోసం గంట నిలబడాలి, అయినా దానికే నా ఓటు. లారీకి మూడువైపులా గోడలు ఉన్నాయి, ముందువైపు పొద్దుటి ఎండ పడుతుంది. అక్కడి మెకానిక్ మా రేడియేటర్ నీళ్లను పరీక్షించి నవ్వాడు. దారిపొడవునా మేము పోసిన బోరునీళ్లకు కూలెంట్ పలచబడిపోయింది. కూలెంటు, నీళ్లు సగం సగంగా ఉంటే సుమారు మైనస్ 37 దాకా గడ్డ కట్టదని చెప్పి, అలాగే నింపాడు. కూలి కొంచెం ఎక్కువే అనిపించింది గాని బేరం ఆడబుద్ధి కాలేదు.

అసలు మందు కార్గిల్ బంకులో దొరికింది. ఇండియన్ ఆయిల్ 2019 నుంచి లడఖ్ వంటి ప్రాంతాలకు ఇస్తున్న చలికాలపు ప్రత్యేక డీజిల్ మైనస్ 33 దాకా పారుతుంది. పానిపట్ రిఫైనరీలోనే తయారవుతుంది, అంటే మేము దాని పక్కనుంచే వచ్చాము. ట్యాంకులో పాత డీజిల్ ఎంత తక్కువ ఉంటే ఈ డీజిల్ అంత బాగా పనిచేస్తుంది, అందువల్ల జోజిలా ఎక్కేవాళ్లు కార్గిల్ చేరేందుకు సరిపడా మాత్రమే పోయించుకోవాలి.

లేహ్‌లో రెండు రాత్రులు ఉన్నాము. మా డ్రైవర్ సాయంత్రం కాగానే బ్యాటరీలు విప్పి గదిలోకి మోసుకొచ్చి, తన మంచం పక్కన పెట్టుకున్నాడు. ఎయిర్ ట్యాంకుల్లో తేమ గడ్డ కట్టి బ్రేకులు పట్టుకోకుండా వాటి కుళాయిలు విప్పి నీళ్లు వదిలాడు. రెండు పొద్దులూ మొదటి సెల్ఫ్‌కే అందుకుంది. తిరుగు ప్రయాణంలో ద్రాస్‌ను మధ్యాహ్నం దాటాము, పాత యజమాని చేతి టీని ఇంజిన్ ఆపకుండానే నిలబడి తాగాము.