ఆంకి: మరచిపోయే వేళకు వచ్చి అడిగే ప్రశ్న

చదివినది గుర్తుంచుకోవడానికి ప్రశ్నా జవాబుల కార్డులు వాడే సాఫ్ట్‌వేర్ ఆంకి. దాన్ని తెరిస్తే తెర మీద ఒక ప్రశ్న కనిపిస్తుంది, దాని అడుగున జవాబు చూపించే మీట ఒకటి ఉంటుంది, అంతకు మించి ఏమీ ఉండదు. పాయింట్లు లేవు, పతకాలు లేవు, సరైన జవాబు చెబితే మోగే చప్పట్లూ లేవు. జీవశాస్త్రం బోధించే పనిలో ఉన్న నేను మూడేళ్ళుగా దీన్ని రోజూ వాడుతున్నాను, నా విద్యార్థుల్లో కొందరి చేత వాడిస్తున్నాను కూడా. చదువుల కోసమని తయారవుతున్న సాఫ్ట్‌వేర్‌లు తమ వెనక పరిశోధన ఉందని చెప్పుకోవడం మామూలే గాని, ఆ పరిశోధన తేల్చిన విషయాన్ని పక్కదారి పట్టించకుండా అమల్లో పెట్టినవి తక్కువ. ఆంకి ఆ తక్కువవాటిలో ఒకటని నా గట్టి నమ్మకం.

డేమియన్ ఎల్మ్స్ దీన్ని 2006లో విడుదల చేశారు. జపాన్ భాషలో ఆ పేరుకు కంఠస్థం చేయడమని అర్థం. ఇది ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ కంప్యూటర్లకు ఉచితంగా దొరుకుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం స్వచ్ఛందంగా పనిచేసేవారు రూపొందించిన ఆంకిడ్రాయిడ్ కూడా ఉచితమే. ఐఫోన్‌కు మాత్రం డబ్బు పెట్టి కొనుక్కోవాలి. కార్డులు సింక్ అవుతాయి కాబట్టి పొద్దున ఫోన్‌లో ఆపిన చోటి నుంచి సాయంత్రం కంప్యూటర్‌లో కొనసాగించవచ్చు.

దీని విలువ తెలియాలంటే ముందు ఒకటి రెండు ప్రయోగాల గురించి చెప్పుకోవాలి. 2006లోనే హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికి అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థుల చేత చిన్న చిన్న వ్యాసభాగాలు చదివించారు. ఒక భాగాన్ని మళ్ళీ చదవమన్నారు, మరొక భాగాన్ని పక్కన పెట్టి గుర్తున్నదంతా కాగితం మీద రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్ళీ చదివినది 81 శాతం గుర్తుంది, చూడకుండా రాసినది 75 శాతమే గుర్తుంది. వారం తర్వాత పరీక్షించినప్పుడు లెక్క తిరగబడింది: మళ్ళీ చదివినది 42 శాతానికి పడిపోగా, చూడకుండా రాసినది 56 శాతం దగ్గర నిలబడింది. తెల్లవారితే పరీక్ష అనగా రాత్రంతా పుస్తకం తిరగేసే విద్యార్థికి తన పద్ధతే సరైనదని ఎందుకు అనిపిస్తుందో ఆ అయిదు నిమిషాల లెక్క చెబుతుంది.

అదే ఇద్దరు 2008లో 40 స్వాహిలీ మాటలకు ఇంగ్లీషు అర్థాలు నేర్పి చేసిన ప్రయోగం ఇంకా స్పష్టమైనది. ఒకసారి సరిగ్గా చెప్పిన మాటను ఆపైన పరీక్షలో అడగడం మానేసిన గుంపులకు వారం తర్వాత మూడో వంతుకు అటూ ఇటూగా మాత్రమే గుర్తున్నాయి. అడుగుతూనే వచ్చిన గుంపులకు 80 శాతం గుర్తున్నాయి. వచ్చేసిన మాటలను మళ్ళీ చదివించారా, ఆపేశారా అన్నదానితో దాదాపు ఏ తేడా రాలేదు. వారం తర్వాత మీకు ఎన్ని గుర్తుంటాయని ముందే అడిగితే మాత్రం అన్ని గుంపులవారూ సుమారు సగం అనే చెప్పారు. నన్ను బాగా కదిలించినది ఈ చివరి సంగతే. తనకు ఎంత వచ్చో నేర్చుకుంటున్నవారికే తెలియడం లేదు, అది తెలియాలంటే ఎవరో ఒకరు అడగాలి.

ఆంకి చేసే పని ఆ అడగడమే. నా దగ్గర చదివే ఒక అమ్మాయి కార్డులు చూసుకుంటుండగా ఒకసారి పక్కనే కూర్చున్నాను. "గుండె నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని తీసుకెళ్ళే నాళం ఏది?" అని తెర మీద వచ్చింది. కాసేపు కళ్ళు మూసుకుని, వేలితో గాలిలో గుండె బొమ్మ గీసుకుని, "పుపుస సిర" అంది. మీట నొక్కితే "పుపుస ధమని" అని వచ్చింది. చెడు రక్తం సిరల్లోనే పారుతుందని పట్టుకున్న సూత్రం ఆమెను తప్పు దారి పట్టించింది. రక్తం మంచిదా చెడ్డదా అన్నదాన్ని బట్టి గాక, గుండె నుంచి బయటికి పోతోందా గుండెకు వస్తోందా అన్నదాన్ని బట్టి నాళానికి పేరు వస్తుందని అప్పుడు తనంతట తానే పైకి చెప్పుకుంది. అదే పాఠాన్ని ఆమె అంతకు ముందు రెండుసార్లు చదివింది, రెండుసార్లూ అర్థమైందనే అనుకుంది. నాలుగు జవాబులు ఇచ్చి ఒకటి ఎంచుకోమనే క్విజ్ యాప్‌లో అయితే ధమని అన్న మాట కంటబడగానే గుర్తుపట్టి నొక్కేసి ఉండేదేమో. చూసి గుర్తుపట్టడం వేరు, ఏమీ లేని చోటి నుంచి గుర్తు తెచ్చుకోవడం వేరు. ఆంకి రెండోదాన్నే కోరుతుంది.

ఎప్పుడు అడగాలన్నది రెండో సంగతి. మరపు ఎలా సాగుతుందో హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ తన మీదే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించారు. చదువుకూ చదువుకూ మధ్య ఎడం ఎంత ఉండాలన్నదాని మీద 2008లో సెపేడా బృందం 1350 మందికి పైగా మనుషులతో జరిపిన అధ్యయనంలో, వారం తర్వాత పరీక్ష ఉంటే ఒక రోజు ఎడం, ఏడాది తర్వాత ఉంటే సుమారు మూడు వారాల ఎడం మేలని తేలింది. అంటే ఎంత కాలం గుర్తుండాలో దాన్ని బట్టి ఎడం పెరగాలి. 1972లో సెబాస్టియన్ లైట్నర్ ఈ సూత్రాన్ని అట్టపెట్టెలతో సాధించే మార్గం చెప్పారు: వచ్చిన కార్డు అరుదుగా తీసే పెట్టెలోకి వెళుతుంది, రానిది మొదటి పెట్టెకు తిరిగొస్తుంది. 1987లో పోలండ్‌కు చెందిన పియోటర్ వోజ్నియాక్ ఎడం పెంచే సూత్రాన్ని కంప్యూటర్ లెక్కగా మార్చారు, ఆంకి ఆ లెక్కనే కొంత సవరించుకుని చాలా ఏళ్ళు నడిచింది. జవాబు చూశాక అది ఎంత బాగా గుర్తొచ్చిందో చెప్పడానికి కొన్ని మీటలుంటాయి. ఆ పద్ధతిలో వాటిలో గుడ్ అన్న మీట నొక్కినప్పుడల్లా ఎడం మామూలుగా రెండున్నర రెట్లవుతుంది. పది రోజుల కార్డు ఇరవై అయిదు రోజులకు, అది రెండు నెలలకు జరుగుతుంది. 2023లో ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అనే కొత్త లెక్క వచ్చి చేరింది. ఇది మీరు ఇంతవరకు నొక్కిన మీటల చరిత్ర మొత్తాన్ని చూసి మీ మరపు తీరును అంచనా వేసి, కార్డు గుర్తుండే అవకాశం 90 శాతానికి తగ్గే రోజున దాన్ని మీ ముందు పెడుతుంది. పాత లెక్క మీద నాకు అభిమానం ఉన్నా, దీనికి మారాక రోజువారీ భారం తేలికైందని ఒప్పుకోవాలి.

ఇక్కడ కొత్తవారు తరచుగా చేసే తప్పు ఒకటుంది. హార్డ్ అన్న మీటకు అర్థం "కష్టపడితే గుర్తొచ్చింది" అని. "గుర్తు రాలేదు" అని కాదు. గుర్తు రానప్పుడు నొక్కవలసినది ఎగైన్. మొహమాటపడి హార్డ్ నొక్కేవారి కార్డు వచ్చినదాని కిందే లెక్కలోకి పోయి, ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్ అంచనా మొత్తం చెడిపోతుంది.

లోపాలకు వస్తే, సెట్టింగుల పేజీ మొదటిసారి చూసినవారిని బెదరగొడుతుంది, అక్కడి పదజాలం అలవాటయ్యేసరికి కొన్ని వారాలు పడుతుంది. అంతకంటే పెద్ద సంగతి, ఆంకి మీరు పెట్టిన ప్రశ్ననే అడుగుతుంది గాని మంచి ప్రశ్న పెట్టడం నేర్పదు. మొదటి సంవత్సరం "కిరణజన్య సంయోగక్రియను వివరించండి" లాంటి కార్డులు డజన్ల కొద్దీ రాసుకున్నాను. అలాంటి కార్డు వచ్చినప్పుడు సగం చెప్పి, మిగతా సగం కూడా వచ్చులే అనుకుని గుడ్ నొక్కడం అలవాటైపోతుంది. దాన్ని విడగొట్టి "వెలువడే ఆక్సిజన్ ఏ అణువు నుంచి వస్తుంది?", "కాంతి చర్యలు ఎక్కడ జరుగుతాయి?" అని రాసుకున్నాకే, నీరు అన్న జవాబూ థైలకాయిడ్ పొరలు అన్న జవాబూ నిజంగా వచ్చో లేదో తేలింది. ఎనిమిదిసార్లు మరచిపోయిన కార్డును ఆంకి తానే లీచ్ (జలగ) అని గుర్తుపెడుతుంది, కావాలంటే పక్కకు తీసేస్తుంది కూడా. అలాంటివాటిని బట్టీ పట్టి గెలవాలని చూడకండి. చాలావరకు అక్కడ లోపం జ్ఞాపకశక్తిది కాదు, ప్రశ్న రాసిన తీరుది. ఎవరో చేసిపెట్టిన కార్డుల కట్టను (డెక్) దించుకుని అర్థం కాని వాక్యాలు వల్లె వేసేవారిని చూస్తే నాకు బాధ కలుగుతుంది. అర్థం చేసుకున్నదాన్ని నిలబెట్టే పరికరం ఇది, అర్థం చేయించే పరికరం కాదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ విషయం తరగతి గదికి కొత్తదేమీ కాదు. 1939లోనే హెర్బర్ట్ స్పిట్జర్ అమెరికాలోని అయోవాలో ఆరో తరగతి పిల్లలు 3605 మందితో ప్రయోగం చేసి, చదివిన వెంటనే పెట్టిన పరీక్ష మరపును ఎంత ఆపుతుందో చూపించారు. 2013లో జాన్ డన్లాస్కీ బృందం చదువుకునే పద్ధతులు పదింటిని తూచి చూసి, తనను తాను పరీక్షించుకోవడానికీ, ఎడం ఇచ్చి చదవడానికీ పెద్ద పీట వేసింది. అడుగున గీతలు గీయడం, మళ్ళీ చదవడం వెనకబడ్డాయి. అయినా మనం పరీక్ష అన్న మాటను మార్కులకే కట్టేసి పిల్లలను భయపెట్టాం. ఆంకిలో తప్పు చెబితే పోయేది ఏమీ లేదు, ఆ కార్డు కాసేపటికి మళ్ళీ వస్తుంది, అంతే. పరికరాలు అందుబాటులో లేని తరగతిలో కూడా పాఠం మొదలుపెట్టే ముందు తెల్లకాగితం ఇచ్చి, నిన్నటి పాఠంలో గుర్తున్నది రాయమని, మార్కులు వేయకుండా వెనక్కి ఇచ్చేస్తే ఇదే మేలు చాలావరకు దక్కుతుంది.

వాడదలచుకున్నవారు మొదటే చేయవలసిన మార్పు రోజుకు వచ్చే కొత్త కార్డుల సంఖ్యను తగ్గించుకోవడం. అది మామూలుగా 20గా ఉంటుంది, తక్కువే కదా అనిపిస్తుంది; కొన్ని వారాలు తిరిగేసరికి పాత కార్డులే రోజుకు వందకు పైబడతాయి. నేను ఉత్సాహం కొద్దీ 40 పెట్టుకుని, జ్వరంతో పది రోజులు పక్కన పెట్టి తిరిగొచ్చేసరికి పేరుకున్న గుట్టను కరిగించడానికి నెల పట్టింది. ఎనిమిదో పదో పెట్టుకోండి, ఎఫ్‌ఎస్‌ఆర్‌ఎస్‌ను ఆన్ చేయండి, 90 శాతం లక్ష్యాన్ని అలాగే ఉంచండి. అన్నీ గుర్తుండాలన్న ఆశతో దాన్ని 97కు పెంచితే చూడవలసిన కార్డులు ఒక్కసారిగా ఎన్నో రెట్లవుతాయి.