తుప్పు కొలత నేర్పే శిక్షణ: శ్రీకాకుళంలో నేను చూసినది

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలికి దగ్గరలో, చమురుశుద్ధి కర్మాగారాల షట్‌డౌన్ (మరమ్మతులకు కర్మాగారం ఆపినప్పటి) పనులకు వెళ్లేవారికి, తుప్పు ఎంత తినేసిందో తెలిసేలా పైపుల గోడ మందం కొలవడం నేర్పే శిక్షణ కేంద్రంలో మా తమ్ముడి కొడుకుతో పాటు నేనూ కూర్చుని పాఠాలు విన్నాను. విశాఖకూ, జామ్‌నగర్‌కూ, గల్ఫ్‌కూ మన జిల్లా నుంచి వెల్డర్లుగా, ఫిట్టర్లుగా వెళ్లేవారు ఎందరో ఉన్నారు గనుక ఇది రాస్తున్నాను.

ధ్వని తరంగాలతో మందం కొలిచే మీటరు చేతికివ్వడానికి ముందు ఎక్కడ కొలవాలో నేర్పడం ఇక్కడ నాకు బాగా నచ్చింది. ఉప్పును కడిగి తీసే డీసాల్టర్‌లో పోగా ముడిచమురులో మిగిలిన మెగ్నీషియం, కాల్షియం క్లోరైడ్‌ల నుంచి కొలిమి వేడికి హైడ్రోజన్ క్లోరైడ్ పుడుతుందనీ, ఆవిరిగా ఉన్నంతసేపు పెద్దగా హాని చేయని ఆ వాయువు చమురును భాగాలుగా వేరుచేసే కాలమ్ పైభాగపు లైనులో తొలి నీటిబొట్టు ఏర్పడే చోట ఆమ్లమై ఉక్కును తినేస్తుందనీ, అమ్మోనియా లేదా అమీన్, కడుగునీరు అక్కడ ఎక్కించేది అందుకేననీ బోర్డు మీద బొమ్మ గీసి వివరించారు. సుమారు 260 డిగ్రీల సెల్సియస్ దాటాక గంధకం చేసే నష్టానికి 2012 ఆగస్టులో అమెరికాలోని రిచ్‌మండ్ రిఫైనరీలో పగిలిన పైపును ఉదాహరణగా చెప్పారు. సిలికాన్ తక్కువున్న కార్బన్ స్టీల్ ముక్క అదే లైనులోని తక్కిన ముక్కలకంటే వేగంగా పలచబడింది కాబట్టి, ఒకచోటి రీడింగును లైనంతటికీ వర్తింపజేయకూడదన్న పాఠం పిల్లలకు బాగా ఎక్కింది.

ప్రాక్టికల్‌కు ఆరంగుళాల షెడ్యూల్ 40 (గోడ మందాన్ని తెలిపే ప్రమాణం) పాత ఎల్బో (వంపు ముక్క) ఒకటి బల్ల మీద పెట్టారు. ముందే తెలిసిన మందాల మెట్లున్న దిమ్మె మీద మీటరు సరిచూసుకుని, జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే, 7.11 మిల్లీమీటర్లు ఉండవలసిన గోడ వెలుపలి వంపు దగ్గర 5 కూడా చూపలేదు. వేడి పైపులో ధ్వని నెమ్మదించి, ఉన్న మందంకంటే ఎక్కువ చూపుతుందని కూడా హెచ్చరించారు. చాలా చోట్ల ఈ సంగతి చెప్పనే చెప్పరు.

పెద్ద లోటు ఇన్సులేషన్ (పైపు వేడి పోకుండా చుట్టే పొర) కింది తుప్పు విషయంలో ఉంది. దాని మీది రేకు తొడుగు (క్లాడింగ్) అతుకుల్లోంచి దిగిన వాన నీరు, సముద్రపు ఉప్పుగాలి కలిసి పైకి కనిపించకుండా పైపును పాడుచేస్తాయి. దానికి ఒక్క నమూనా అయినా లేకుండా మాటలతోనే సరిపెట్టారు. కేంద్రం ఇచ్చే పత్రంతో సైటులో రిపోర్టు మీద సంతకం చేసే అర్హత రాదనీ, దానికి అల్ట్రాసోనిక్ (ధ్వని తరంగాల) పరీక్షలో లెవెల్ 2 ధ్రువీకరణ వేరుగా తెచ్చుకోవాలనీ చేరేటప్పుడే చెప్పవలసింది. ఇప్పటికే ఫిట్టరు పని తెలిసినవారికి ఫీజు గిట్టుబాటే. కొత్తవారు మాత్రం పత్రం గురించి ముందే అడిగి చేరడం మంచిది.