‘హుక్కులు కుట్టాలి’: నాలుగేళ్లు వాడిన మందుల యాప్ గురించి

రోజూ రాత్రి తొమ్మిదింటికి నా ఫోన్ మోగి ‘హుక్కులు కుట్టాలి’ అని చూపిస్తుంది. నేను జాకెట్లు కుట్టి బతుకుతాను కాబట్టి చూసినవాళ్లకి అందులో వింతేమీ కనపడదు. ఆ మాట వెనక ఉన్నది హెచ్‌ఐవీ బిళ్ళ. ఈ యాప్ అంటే నాకు అంత ఇష్టం కలగడానికీ, ఏడాదిన్నరగా దాని మీద కోపం చల్లారకపోవడానికీ కారణం ఒక్కటే: ఆ గుర్తుచేసే మాటని మనకి కావలసినట్టు రాసుకోనివ్వడం. యాప్ పేరు రాయను. మందుల టైము గుర్తుచేసే యాప్‌లు చాలావరకు ఒకే తీరున ఉంటాయి, నా అనుభవం ఏది వాడేవాళ్లకైనా పనికొస్తుంది. ఎలా ఎక్కించుకోవాలి, అలారం ఎలా పెట్టాలి అన్నవి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను.

2011లో నేను మందులు మొదలుపెట్టినప్పుడు రోజుకి రెండు పూటలు, పన్నెండు గంటల తేడాతో వేసుకోవాలి. తర్వాత రాత్రి పడుకునేముందు ఒకే బిళ్ళ ఇచ్చారు. అది వేసుకుంటే తల తిరిగేది, రాత్రంతా ఏవేవో కలలు. 2021లో టీఎల్‌డీకి మార్చారు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడూ కలిసిన బిళ్ళ, రోజుకి ఒక్కటి. ఇంక ఇబ్బందేముంది అనుకున్నాను. అప్పుడే కొత్త చిక్కొచ్చింది. వేసుకోవడం మర్చిపోవడం కాదు, వేసుకున్నానో లేదో గుర్తుండకపోవడం. పెళ్ళిళ్ళ సీజన్లో రాత్రి పదకొండు దాకా మిషన్ మీదే ఉంటాను. మంచం ఎక్కాక ‘ఇందాక వేసుకున్నది నిన్నటి సంగతా, ఇవాళ్టిదా?’ అని లేచి కూర్చునేదాన్ని. డబ్బా కిందికి వంచి బిళ్ళలు లెక్కపెట్టుకునేదాన్ని. ఆ బాధ పోవడానికే యాప్ పెట్టుకున్నాను, ఆ ఒక్క బాధా నిజంగానే పోయింది. వేసుకోగానే నొక్కుతాను, పచ్చ గుర్తు పడుతుంది. అర్ధరాత్రి అనుమానం వస్తే ఫోన్ చూసుకుని పడుకుంటాను.

కానీ మనసుకి పట్టింది ‘హుక్కులు కుట్టాలి’ అన్న ఆ మాటే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల సంఘం, మా పాజిటివ్ నెట్‌వర్క్‌లో పనిచేసే ఒకమ్మాయి, నాకన్నా ఎనిమిదేళ్లు చిన్నది, పక్కన కూర్చుని పెట్టించింది. “అక్కా, నువ్వు రాత్రిళ్ళు రోజూ చేసే పనేదో అదే రాయి, ఎవరికీ అనుమానం రాదు” అంది. రాత్రి తొమ్మిదికి నేను చేసేది హుక్కులు కుట్టడమే. పదేళ్లు డబ్బాలో దూది కుక్కి, గలగల చప్పుడు రాకుండా సంచీ అడుగున దాచుకున్నదాన్ని. అందరి ముందూ ఫోన్ మోగినా భయపడక్కర్లేని మొదటి రోజు ఎలా ఉంటుందో చెప్పలేను. పక్క పోర్షన్ ఆవిడ ముందు మోగితే “అయ్యో, హుక్కులు గుర్తుచేస్తోంది” అని లేచేదాన్ని. ఆ అబద్ధం కూడా అబద్ధంలా ఉండేది కాదు, బిళ్ళ వేసుకొచ్చి హుక్కులే కుట్టేదాన్ని. ఆ అమ్మాయికీ నాకూ మధ్య అది ఒక భాష అయిపోయింది. “హుక్కులు కుట్టావా అక్కా?” అని మెసేజ్ పెట్టేది.

ఇంకో మేలు కూడా జరిగింది. మోకాళ్ళ నొప్పులకి బయట డాక్టరు క్యాల్షియం బిళ్ళలు రాశారు. నా జబ్బు సంగతి ఆయనకి చెప్పలేదు. యాప్‌లో ఆ బిళ్ళ ఎక్కించగానే ఎర్ర గుర్తు పెట్టింది, ఈ రెండూ కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగ్గా పట్టదని. హెచ్‌ఐవీ మందులు ఇచ్చే ఏఆర్‌టీ సెంటర్‌లో అడిగితే నిజమేనన్నారు. క్యాల్షియం, ఐరన్ బిళ్ళలు వేసుకోవాలంటే వాటికి రెండు గంటల ముందో, ఆరు గంటల తర్వాతో మన బిళ్ళ పడాలి, లేదంటే రెండూ అన్నంతోపాటే వేసుకోవాలి అన్నారు. కడుపుమంటకి తాగే మందులకైతే అన్నంతో కలిపినా కుదరదట, ఆ ఎడం పాటించాల్సిందే. ఆ రోజు నుంచి కనపడినవాళ్లందరికీ ఈ యాప్ పెట్టుకోమని చెప్పాను. ఏడెనిమిదిమందికి నేనే ఎక్కించి ఇచ్చాను. అందుకే తర్వాత జరిగింది రాయడం నా బాధ్యత అనుకుంటున్నాను.

2024 సంక్రాంతికి రేపల్లె వైపు ఉన్న మా అన్నయ్య వాళ్ళూరికి వెళ్లాను. నా సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. మా ఆయన పోయింది జ్వరంతో అనే వాళ్ళ నమ్మకం. భోగి రాత్రి వదినా నేనూ అరిసెలు వత్తుతున్నాం, చేతుల నిండా నూనె, పిండి. హాల్లో టీవీ పక్కన నా ఫోన్ చార్జింగ్‌లో ఉంది. చుట్టాలతో కలిపి తొమ్మిదిమంది కూర్చుని ఉన్నారు. తొమ్మిదైంది. మోగింది. నేనేం కంగారు పడలేదు, హుక్కులే కదా అనుకున్నాను.

మేనల్లుడికి పన్నెండేళ్లు. ఇంగ్లీష్ మీడియం. ఫోన్ చేతిలోకి తీసుకుని, చదవడం వచ్చిందని చూపించుకోవాలనే ఉత్సాహంతో గట్టిగా కూడబలుక్కుంటూ చదివాడు. “టెనో... ఫోవిర్... లామి... అత్తా, డోలు ఏంటత్తా ఇది? నీ మందు వేసుకోమంటోంది!”

వేడి నూనె ముందు నిలబడి కూడా నాకు చేతులు చల్లబడిపోయాయి. “థైరాయిడ్‌దిరా, అక్కడ పెట్టు” అన్నాను. నోటికి ముందొచ్చిన అబద్ధం అది. వదిన తలెత్తి చూసింది. “థైరాయిడ్‌ది పొద్దున్నే పరగడుపున కదా వేసుకునేది? నేనూ వేసుకుంటున్నాగా” అంది. అనుమానంతో కాదు, మామూలుగానే అంది. “నాకు రాత్రికి కూడా ఒకటి ఇచ్చారు వదినా” అన్నాను. వదిన మళ్ళీ మాట్లాడలేదు. నేను తల ఎత్తలేదు, అరిసెలు మాడుతుంటే తీశాను.

ఏం జరిగిందో తర్వాత అర్థమైంది. నా గదిలో వైఫై లేదు. అన్నయ్య ఇంట్లో ఉంది, పిల్లవాడే పొద్దున నా ఫోన్‌కి కలిపాడు. వైఫై తగలగానే యాప్ దానంతటదే అప్‌డేట్ అయింది. ఆ అప్‌డేట్‌లో నేను రాసుకున్న మాట ఎగిరిపోయి, కంపెనీవాళ్ల మాట వచ్చి కూర్చుంది, మూడు మందుల పేర్లతో సహా. తెర తాళం వేసి ఉన్నా నిండుగా కనపడేట్టు.

ఆ రాత్రి తొమ్మిదింటి బిళ్ళ ఒంటిగంటన్నరకి వేసుకున్నాను. ఆడవాళ్లమంతా హాల్లోనే పడుకున్నాం. అందరూ నిద్రపోయాక సంచీ తీసి, బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి ఆ చప్పుడులో డబ్బా మూత తీశాను. పదమూడేళ్లలో ఎప్పుడూ అంత దొంగలా వేసుకోలేదు. పండగనాడంతా ఎవరు నా వైపు చూసినా ఫోన్‌లో ఆ పేర్లు వెతికి చూశారేమో అనిపించింది. కనుమనాడు కాకైనా కదలదంటారు. నేను పొద్దున్నే బస్సెక్కాను. వాళ్ళకి తెలిసిందా లేదా ఇప్పటికీ నాకు తెలియదు. వదిన ఎప్పట్లాగే ఫోన్ చేస్తుంది. ‘ఆరోగ్యం ఎలా ఉంది?’ అని మాత్రం ఇదివరకటికంటే ఎక్కువసార్లు అడుగుతోంది, అంతే.

యాప్ వాళ్ళకి ఆ అమ్మాయి చేత ఇంగ్లీషులో రాయించాను. కొత్త వెర్షన్‌లో సెట్టింగులు మెరుగుపరిచామనీ, మళ్ళీ పెట్టుకోమనీ రెండు లైన్ల జవాబు. మెరుగుపరిచారట. 2017లో చేసిన హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. కోర్టు చెబితే తప్ప మన సంగతి బయటపెట్టమని ఎవరూ బలవంతం చేయకూడదని అందులో ఉంది, మన వివరాలు దగ్గర పెట్టుకునే సంస్థలు వాటిని కాపాడాలనీ ఉంది. ఏఆర్‌టీ సెంటర్‌లో నా వైద్యం వివరాలు రాసే గ్రీన్ బుక్ నా చేతికే ఇస్తారు. అక్కడున్న జాగ్రత్త ఫోన్ తెర మీద ఎందుకు ఉండకూడదు? ఒక మనిషి దాచుకోవడానికి రాసుకున్న మాటని అడక్కుండా చెరిపేయడం చిన్న తప్పు కాదు.

ఇందాక ఎర్ర గుర్తు గురించి మెచ్చుకున్నాను. అది పనిచేయాలంటే మందు అసలు పేరు యాప్‌లో ఎక్కించాలి. పేరు ఎక్కించాను కాబట్టే ఆ రాత్రి పేరు బయటపడింది. ఇప్పుడు మందు పేరు దగ్గర ‘1’ అని మాత్రమే ఉంది, ఎర్ర గుర్తు పోయింది. ఏ మందు దేనికి పడదో చూసుకోవడానికి లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్ళ హెచ్‌ఐవీ ఐచార్ట్ అనే ఉచిత యాప్ ఉంది. ఇంగ్లీషులో ఉంటుంది, అవసరమైనప్పుడు ఆ అమ్మాయే చూసి చెబుతుంది. క్యాల్షియం లాంటిదేదైనా కొత్తగా రాస్తే నేరుగా ఏఆర్‌టీ సెంటర్‌లోనే అడుగుతున్నాను.

నెల చివర యాప్ చూపించే 98 శాతం కూడా నాకు ఒకప్పుడు గర్వంగా ఉండేది. బిళ్ళ దూరంగా ఉన్నప్పుడు ముందు నొక్కేసి తర్వాత వేసుకుందామనుకున్న రోజులున్నాయి. యాప్‌కి తెలిసేది నా వేలు తగిలిందని మాత్రమే, బిళ్ళ మింగానని కాదు. సెంటర్‌లో డబ్బా తెప్పించి మిగిలిన బిళ్ళలు లెక్కపెడతారు, అది అబద్ధం ఆడదు. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్ష, ఏడాదికోసారి చేసేది, అసలే ఆడదు. ఇప్పటిదాకా నాది కనపడనంత తక్కువే వస్తోంది, ఆ పుణ్యం ఎంత యాప్‌దో, ఎంత నాదో విడదీసి చెప్పలేను.

ఆ అమ్మాయి చెప్పిన ఒక సంగతి మాత్రం మనసులో నిలిచిపోయింది. కెన్యాలో 538 మందితో చేసిన పరిశీలన 2010లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. వాళ్ళలో సగంమందికి వారానికోసారి ‘మాంబో?’ అని మెసేజ్ వెళ్లేది. ఎలా ఉన్నావు అని దానర్థం. బాగుంటే ‘సావా’, కష్టముంటే ‘షిదా’ అని జవాబివ్వాలి. షిదా అని వస్తే నర్సు ఫోన్ చేసేది. మెసేజ్ అందినవాళ్ళు మందులు మెరుగ్గా వాడారు, వైరస్ కూడా వాళ్ళలోనే బాగా అణిగింది. మన దక్షిణాదిలో 631 మందికి, కొత్తగా మందులు మొదలుపెట్టినవాళ్లకి, వారంవారం రికార్డు చేసిన ఫోన్ కాల్, ఒక బొమ్మ మెసేజ్ పంపి చూశారు. అది 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. ఆ కాల్స్ వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా ఏమీ కనపడలేదట. ఎందుకో పెద్దవాళ్ళు చెప్పాలి. నాకు మాత్రం ‘హుక్కులు కుట్టావా అక్కా?’ అన్న మెసేజే నా జ్ఞాపకం కన్నా, అలారం కన్నా గట్టిగా పనిచేసింది. జ్వరంతో మూడు రోజులు లేవలేకపోయినప్పుడు యాప్ మోగి మోగి ఊరుకుంది. మెసేజ్‌కి జవాబు రాకపోతే ఆ అమ్మాయి రొట్టె, పాలు పట్టుకుని వచ్చింది.

ఇప్పుడు నేను పాటించేవి చెబుతాను. ప్లే స్టోర్‌లో ఆ యాప్ పేజీకి వెళ్ళి, పైన మూడు చుక్కల దగ్గర ఆటో అప్‌డేట్ టిక్కు తీసేశాను. ఫోన్ సెట్టింగుల్లో నోటిఫికేషన్ల దగ్గర, తాళం వేసిన తెర మీద విషయం కనపడకుండా పెట్టుకున్నాను. యాప్ చేసే తప్పుని ఫోనైనా ఆపుతుంది. ఊరెళ్ళే ముందు ఒకసారి రెండు నిమిషాల తర్వాత మోగేట్టు పెట్టి, ఏం చూపిస్తోందో నా కళ్ళతో చూసుకుంటాను. నేను ఎక్కించి ఇచ్చిన ఏడెనిమిదిమంది దగ్గరకీ వెళ్ళి ఇవన్నీ మార్చి వచ్చాను. ఒకామె యాప్ తీసేయమంది, తీసేశాను. ఆమె ఫోన్ కూతురు కూడా వాడుతుంది.

వాడమంటానా అంటే, నేను ఒంటరిగా ఒక గదిలో ఉంటాను, నా ఫోన్ నేను తప్ప ఎవరూ ముట్టరు, అందుకని నాకు కుదురుతోంది. ఇంట్లో అందరిదీ ఒకే ఫోన్ అయితే, అత్తగారింట్లో సంగతి తెలియకపోతే వద్దనే అంటాను. అలాంటివాళ్ళు రోజూ చూసే సీరియల్ టైముకో, స్టవ్ కట్టేసే టైముకో బిళ్ళని ముడిపెట్టుకుంటే మేలు. కొత్తగా తెలిసి, ఎవరితో మాట్లాడాలో తెలియనివాళ్ళు 1097కి ఫోన్ చేయండి, డబ్బులు పడవు.

నా ఫోన్ బ్యాటరీ ఉబ్బింది, దసరాలోపు కొత్తది కొనాలి. కొత్త ఫోన్‌లో యాప్ ఎక్కిస్తే ఇప్పటి వెర్షనే వస్తుంది, అందులో ఏం మార్చారో తెలియదు. ముందు వారంరోజులు ఇంట్లోనే పెట్టి చూస్తాను. సంక్రాంతికి మళ్ళీ రమ్మని వదిన ఇప్పటికే రెండుసార్లు అడిగింది.