రెండిళ్ల మధ్య వైర్‌లెస్ బ్రిడ్జి: రెండేళ్లు దాటాక

మా డాబా మీద ఒకటి, వీధికి అవతల బాబాయి గారి డాబా మీద ఒకటి చొప్పున రెండేళ్లకు పైగా పనిచేస్తున్న ఈ 5 గిగాహెర్ట్‌జ్ వైర్‌లెస్ బ్రిడ్జి జత (ఒక ఇంటి నెట్‌ను గాలిలో మరో ఇంటికి చేరవేసే రెండు రేడియో పెట్టెలు) మీద నాకున్న కోపమంతా పెట్టె అడుగున ఉండే చిన్న జారుడు మూత మీదే. కేబుల్ లోపలికి వెళ్లే ఆ చోట రబ్బరు సీలు లేదు, కేబుల్ చుట్టూ బిగుసుకునే ఏర్పాటు లేదు. ఎండావానల్లో ఉండటానికే చేశామని చెప్పే వస్తువుకు ఆ ఒక్క చోట గాలీ తేమా యథేచ్ఛగా తిరిగే సందు వదిలేశారు. కంపెనీ పేరు రాయడం లేదు, ఎందుకంటే ఇదే ధరలో నేను చూసిన మరికొన్ని పెట్టెల అడుగు భాగమూ ఇంచుమించు ఇలాగే ఉంది.

మాది కోనసీమ. ఫైబర్ కనెక్షన్ మా ఇంటి వరకే ఉంది. మా రూటర్ సిగ్నల్ రెండు గోడలు దాటి వీధి సగానికి చేరేసరికే నీరసించిపోయేది. వీధి మీదుగా కేబుల్ లాగుదామంటే కరెంటు తీగలు అడ్డం, కింద తవ్వుదామంటే సిమెంటు రోడ్డు. 5 గిగాహెర్ట్‌జ్ వైఫై బ్యాండ్లలో లైసెన్సు అవసరం లేని పరిధిని 2018 అక్టోబరులో కేంద్రం బాగా విస్తరించింది కాబట్టి ఆ వైపు నుంచి చిక్కు లేదు. కనెక్షన్ ఇచ్చినవారిని మాత్రం ముందే అడిగాము. ఒకే కుటుంబం కాబట్టి సరేనన్నారు. పక్కింటివారితో బిల్లు పంచుకుందామనుకునేవారు తమ ఒప్పందంలోని షరతులు చదువుకోవడం మంచిది, చాలా ఒప్పందాలు దాన్ని ఒప్పుకోవు.

రేడియో పనితనానికి వంక పెట్టలేను. రెండు డాబాల మధ్య దూరం సుమారు 80 మీటర్లు. ఇంత దగ్గరలో కూడా ఒక పెట్టె నుంచి మరొకటి కనిపిస్తే చాలదు. ఆ చూపు గీత చుట్టూ, మధ్య భాగంలో, దాదాపు మీటరు మేర ఖాళీ ఉండాలి. మా మధ్యలో ఉన్న కొబ్బరి చెట్టు మట్ట ఒకటి గాలికి ఆ ఖాళీలోకి వచ్చి పోతూ ఉంటుంది, సిగ్నల్ కొంచెం ఊగుతుంది, అంతకు మించి ఏమీ కాదు. నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి మరొకటి ఉంది. మొదట్లో పంపే శక్తి గరిష్ఠ స్థాయిలో ఉన్నప్పుడు అందుకునే సిగ్నల్ మైనస్ 40 డీబీఎమ్ (సిగ్నల్ బలానికి కొలత, మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ సిగ్నల్ తగ్గినట్టు) దగ్గర ఉండి, వేగం ఎందుకో నిలకడగా ఉండేది కాదు. శక్తిని తగ్గించి సిగ్నల్‌ను మైనస్ 50కీ 55కీ మధ్యకు తెచ్చాక లింకు స్థిరపడింది. కిలోమీటర్ల దూరానికి చేసిన పెట్టెలు ఎదురెదురుగా పూర్తి గొంతుతో అరుచుకుంటే ఒకరి మాట ఒకరికి అర్థం కాదన్నమాట. ఈథర్‌నెట్ పోర్టు 100 మెగాబిట్లదే కాబట్టి అవతలి ఇంట్లో 90కి కాస్త అటూ ఇటూ వేగం వస్తుంది, పిన్నీ బాబాయిలకు అది ఎక్కువే. ఆ ఇంట్లోని పాత రూటర్‌ను వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్‌గా మార్చి, అందులో పరికరాలకు నెట్ చిరునామాలు పంచే డీహెచ్‌సీపీని ఆపేశాను.

కొన్న కొత్తలో నాకు అన్నిటికన్నా నచ్చింది, కరెంటూ డేటా ఒకే కేబుల్‌లో పైకి వెళ్లడం. కింద గదిలో 24 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. డాబా మీద ప్లగ్గు, బోర్డు, ఎలక్ట్రీషియన్ ఏమీ అక్కర్లేదు. అడాప్టర్‌ను ఇన్వర్టర్‌కు తగిలిస్తే కరెంటు పోయినా లింకు పోదు. ఈ సౌకర్యాన్ని చూసి అప్పట్లో బంధువులు చాలామందికి ఈ జతను సిఫార్సు చేశాను.

మొదటి వర్షాకాలం ఏ ఇబ్బందీ లేకుండా గడిచింది. ధనుర్మాసంలో తంటా మొదలైంది. తెల్లవారుజామున బాబాయి గారింట్లో నెట్ పోయేది, తొమ్మిది గంటల వేళకు దానంతట అదే వచ్చేది. వాళ్లబ్బాయి అమెరికా నుంచి, తన సాయంత్రం వేళ, పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని వీడియో కాల్ చేసేది సరిగ్గా ఆ సమయానికే. మనవరాలి ముఖం తెర మీద బిగుసుకుపోవడం, మళ్లీ మళ్లీ ఫోన్ చేయడం, చివరికి పిన్ని విసుగుతో ఫోన్ పక్కన పెట్టేయడం రోజువారీ తంతు అయింది. నేను ఛానెళ్లు మార్చి చూశాను, కొబ్బరి మట్ట కొట్టించాను, బాబాయి గారి రూటర్‌ను కూడా అనుమానించాను. పిన్ని మాత్రం, "పొద్దెక్కాక అదే వస్తుందిలేరా, అది కూడా ఎండ కాగుతోంది కాబోలు" అంది. నవ్వేసి వదిలేసిన ఆ మాటలోనే జవాబు ఉంది.

పెట్టెల సెట్టింగుల పేజీలో, అది ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో చెప్పే లెక్క ఒకటి ఉంటుంది. మా ఇంటి పెట్టెలో ఆ లెక్క వారాల్లో ఉంటే, అవతలి పెట్టెలో రోజూ పొద్దున్నే సున్నా నుంచి మొదలవుతోంది. లింకు నడిచినంతసేపూ సిగ్నల్‌లో మాత్రం తేడా లేదు. అంటే చెడింది రేడియో కాదు, దానికి అందే కరెంటు. బాబాయి గారి డాబా ఎక్కి మూత జరిపి కనెక్టర్ బయటికి తీసేసరికి సంగతి తేటతెల్లమైంది. డేటా నడిచే 1, 2, 3, 6 పిన్నులు కొత్తవాటిలా మెరుస్తున్నాయి. కరెంటు నడిచే 4, 5, 7, 8 పిన్నులకు పచ్చని చిలుము పట్టింది. వాటిలోనూ ప్లస్ వైపున్న 4, 5 పిన్నులు సగం తినేసినట్టున్నాయి. ఒకే దిశలో ఎప్పుడూ కరెంటు పారే రెండు లోహపు ముక్కల మధ్యకు ఉప్పు తేమ చేరితే విద్యుద్విశ్లేషణ జరిగి ప్లస్ వైపు లోహం కరిగిపోతుందని బడిలో చదువుకున్నదే, ఆ డాబా మీద ప్రయోగం చేసి చూపించింది. రాత్రి మంచుకు తడిసినప్పుడు పిన్నుల మధ్య కరెంటు లీకై, అసలే అంతంతమాత్రంగా అంటుకున్న చోట వోల్టేజి పడిపోయి, పెట్టె ఆగి మళ్లీ మొదలయ్యేది. ఎండకు ఆరాక కోలుకునేది.

ఇందులో కేబుల్ పాపమూ ఉంది. తీగ వేసిన కుర్రాడు తెచ్చింది లోపల అల్యూమినియం, పైన రాగి పూత ఉన్న చవక రకం. పూత తెగిన కొసల దగ్గర తెల్లని పొడి రాలింది. పైగా మెట్ల గది కప్పు మీద నుంచి పిట్టగోడ దగ్గరి పెట్టెకు కేబుల్‌ను ఏటవాలుగా దించడం వల్ల, దాని వెంట జారిన ప్రతి మంచు బొట్టూ నేరుగా ఆ మూత సందులోకే వెళ్లింది. వైర్‌లెస్ అని కొన్న వస్తువుతో నేను పడ్డ బాధల్లో గాలిలో పుట్టినది ఒక్కటీ లేకపోవడం విచిత్రం.

మరమ్మతుకు ఖర్చు పెద్దగా కాలేదు. నల్లని తొడుగున్న, ఆరుబయట వాడదగిన, స్వచ్ఛమైన రాగి కేబుల్ వేయించి, పెట్టె కంటే కిందికి ఒక వంపు దించి తర్వాత పైకి తీసుకెళ్లాను. నీరు ఆ వంపు అడుగునే రాలిపోతుంది. కొత్త కనెక్టర్‌లో సిలికోన్ గ్రీజు పెట్టి, మూత సందును తనకు తానే అతుక్కునే రబ్బరు టేపుతో చుట్టించాను. పెట్టెలోని సాకెట్ పిన్నులను బ్రష్షుతో శుభ్రం చేస్తే అదృష్టవశాత్తు అవి పనికొచ్చాయి, లేకపోతే పెట్టెనే మార్చాల్సి వచ్చేది. ఆ తర్వాత మరో ధనుర్మాసం గడిచింది, పొద్దున్న ఫోన్లు ఆగలేదు. అయినా ఏడాదికొకసారి టేపు విప్పి చూసుకోక తప్పడం లేదు. ఉరుములు మొదలైతే రెండు అడాప్టర్లనూ గోడ నుంచి పీకేయాలి. డాబా మీది ఇనుప గొట్టానికి ఎర్తింగ్ ఉన్నా నాకు ధైర్యం చాలదు. ఒకే కేబుల్ సౌకర్యమని అప్పట్లో సిఫార్సు చేసినవారికి ఈ షరతులన్నీ ఇప్పుడు విడిగా చెప్పుకుంటూ వస్తున్నాను.

కొనవచ్చా అంటే, ఇల్లు ఎక్కడుందో అడిగి గానీ చెప్పలేను. ఉప్పుగాలి తగలని, మంచు అంతగా కురవని అనంతపురం వంటి చోట నా ఫిర్యాదులో సగం వర్తించకపోవచ్చు. సముద్రానికి దగ్గరగా ఉన్నవారు పెట్టెల ధరతో పాటు మంచి కేబుల్, గ్రీజు, టేపు ఖర్చును కూడా మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి. రెండిళ్లూ ఒకే ప్రహరీలో ఉండి, మధ్యలో తవ్వడానికి మట్టి నేల ఉంటే మాత్రం ఈ జత జోలికి పోకుండా గొట్టంలో ఫైబర్ వేసుకోమంటాను. దానికి చిలుము పట్టదు, పిడుగు కరెంటు దాని గుండా ఒక ఇంటి నుంచి మరో ఇంటికి రాదు. మాకు మధ్యలో పంచాయతీ రోడ్డు ఉంది కాబట్టి ప్రస్తుతానికి ఈ పెట్టెలతోనే సర్దుకుంటున్నాము.