ఊలు వెతుక్కుంటూ కులు నుంచి కీలాంగ్ దాకా

హైదరాబాద్‌లో ఊలు అల్లేవాళ్లని అందరూ ఒకటే అడుగుతారు. "ఈ ఎండల ఊళ్లో స్వెట్టర్లెందుకే తల్లీ?" అని. మా అత్తగారు అడిగారు, ఎదురింటావిడ అడిగింది, చివరికి వాచ్‌మన్ కూడా అడిగాడు. న్యూజెర్సీలో మా అక్క పిల్లలున్నారు, వాళ్లకి పంపిస్తాను అని చెప్పి బయటపడతాను. ఎవరు వేసుకున్నా వేసుకోకపోయినా, సాయంత్రం చేతిలో సూదులు లేకపోతే నాకు తోచదు, అంతే. మనకి కొట్లలో దొరికేదంతా దాదాపు లూధియానా అక్రిలిక్, అంటే కృత్రిమ పోగు. దాన్ని తీసిపారెయ్యను. రంగులు బాగుంటాయి, మిషన్‌లో వేసినా చెక్కుచెదరదు, పసిపిల్లల టోపీలకి హాయిగా పనికొస్తుంది. కానీ గొర్రె ఊలు చేతికి తగిలితే ఉండే పట్టు వేరు. ఆన్‌లైన్‌లో ఫొటో చూసి ఊలు కొనడం నాకు నచ్చదు. ముట్టుకోవాలి, లచ్చి విప్పి చూడాలి, వాసన చూడాలి.

అందుకని దసరా సెలవులకి హిమాచల్ బయల్దేరాను, మా వదినని తోడు తీసుకుని. వదినకి అల్లిక రాదు. కొండలు, ఫొటోలు, తిండి ఆవిడ శాఖ. కాబట్టి ఇది ఊలు కోసం కొండెక్కేవాళ్లకీ, వాళ్ల వెంట పడి వెళ్లక తప్పని ఇంటివాళ్లకీ కూడా పనికొస్తుందని రాస్తున్నాను.

ఢిల్లీ దాకా తెలంగాణ ఎక్స్‌ప్రెస్. విమానంలో అయితే స్టీలు సూదుల గురించి సెక్యూరిటీ దగ్గర వాదన పెట్టుకోవాలి, రైల్లో ఆ గొడవ లేదు. పైగా ఒక రాత్రీ ఒక పగలూ దొరుకుతాయి. రైల్లో డిజైన్లున్నవి పెట్టుకోవద్దు, టీ అమ్మేవాడు అరిచినప్పుడల్లా లెక్క తప్పుతుంది. సాదా మేజోడు కాలు భాగం అయితే కిటికీలోంచి చూస్తూ కూడా సాగిపోతుంది. నాగపూర్ వచ్చేసరికి పై బెర్తులో పంజాబీ పెద్దావిడ దిగి వచ్చి నా పక్కన కూర్చుని, నా చేతిలోంచి తీసుకుని రెండు వరుసలు అల్లి ఇచ్చింది. పేర్లు కూడా చెప్పుకోలేదు.

ఢిల్లీ నుంచి పైకి ప్రైవేటు స్లీపర్ బస్సులో వెళ్లాం, కిందికి ప్రభుత్వ వోల్వోలో వచ్చాం. మళ్లీ వెళ్తే రెండుసార్లూ ప్రభుత్వ బస్సే. ప్రైవేటు వాళ్లు పడక మెత్తగా ఇచ్చారు, ఒప్పుకుంటాను. కానీ బుక్ చేసేటప్పుడు పత్లీకుహల్‌లో దింపుతామన్నవాళ్లు తెల్లవారుజామున మమ్మల్ని లేపకుండా నేరుగా మనాలి శివార్లకి తీసుకెళ్లి దించారు. మా మొదటి మజిలీ నగ్గర్. అక్కడికి వెళ్లాలంటే దిగాల్సింది పత్లీకుహల్‌లోనే, అక్కడ నది దాటితే ఆరేడు కిలోమీటర్లు. మేము మనాలి నుంచి టాక్సీ కట్టించుకుని వెనక్కి రావాల్సి వచ్చింది. కశ్మీరీ గేట్ బస్టాండు నుంచి బయల్దేరే హిమాచల్ ప్రభుత్వ వోల్వోలో సీటు మాత్రమే ఉంటుంది, పడక ఉండదు. కానీ కండక్టర్ పేరు పెట్టి పిలిచి, చెప్పిన చోట దింపుతాడు.

బస ఎక్కడ అనే విషయంలో నా కొలతలు వేరే ఉంటాయి. గదిలో టీవీ ఉందా, లేదా అని నేను చూడను. చేతులు లేని కుర్చీ ఉందా, కిటికీ ఏ దిక్కున ఉంది, రాత్రి నల్ల ఊలు కుట్లు కనపడేంత వెలుగు వస్తుందా అని చూస్తాను. నగ్గర్‌లో మేము దిగిన చిన్న గెస్ట్‌హౌస్ ఈ లెక్కన నూటికి తొంభై. చెక్క వసారా, ఎదురుగా ఆపిల్ తోట, కింద బియాస్ లోయ, పొద్దు గూకేదాకా వెలుతురు. వేడినీళ్లు ఒక బకెట్‌కి మించి రావు, వైఫై పేరుకే. వదినకి ఆ రెండూ నచ్చలేదు. కానీ పొద్దున్నే ఇంటావిడ సిడ్డు పెట్టింది, ఆవిరి మీద ఉడికించిన గోధుమపిండి బన్ను లాంటిది. లోపల అక్రోట్లు, గసగసాలు నూరి కూరి, పైన నెయ్యి పోసి ఇస్తారు. వదిన సంచిలో గోంగూర పచ్చడి ఉండనే ఉంది. ఆ తర్వాత నీళ్ల సంగతి ఎత్తలేదు.

మనాలిలో ఒక్క రాత్రే ఉన్నాం, అదీ ఎక్కువే. గదిలో పెళ్లి మండపంలోలా ఊదారంగు లైట్లు పెట్టారు, చదువుకోవడానికి ఒక్క బల్బు లేదు. గదిలో హీటర్ పెట్టమంటే రాత్రికింత అని విడిగా వేశారు. బుకింగ్‌లో ఎక్కడా ఆ మాట లేదు. అక్టోబరులో వెళ్లేవాళ్లు హీటర్ అద్దె కలిపా, విడిగానా అని ముందే అడిగి, జవాబు రాతలో తెప్పించుకోండి.

మాల్ రోడ్డులో "ప్యూర్ పశ్మీనా" అని అరిచే కొట్లు బోలెడు. శాలువాని ఉంగరంలోంచి లాగి చూపిస్తారు. సన్నగా నేసిన విస్కోస్ (కృత్రిమ పట్టు) కూడా ఉంగరంలోంచి జారిపోతుంది కాబట్టి దాంతో ఏమీ తేలదు. నేను ఒక్క పోగు అడుగుతాను. నిప్పు చూపిస్తే ఊలు వెంట్రుక కాలిన వాసన వేస్తుంది, మంట తీసెయ్యగానే దానంతటదే ఆరిపోతుంది, మిగిలిన నల్లటి ముద్ద వేళ్లతో నలిపితే పొడి అవుతుంది. అక్రిలిక్ కరిగి గట్టి పూసలా తయారవుతుంది, నలగదు. పోగు ఇవ్వడానికి ఒప్పుకోని కొట్టు నుంచి నేను మాట్లాడకుండా బయటికి వచ్చేస్తాను. ఒక కొట్టాయన మాత్రం తనే అగ్గిపెట్టె తీసి, "ఇది కలిపిన ఊలు, ఇది అసలుది" అని రెండూ కాల్చి చూపించాడు. ఆయన దగ్గరే కొన్నాను. హిడింబ గుడి దారిలో అంగోరా కుందేళ్లని చేతిలో పెట్టి ఫొటోకి డబ్బులడిగే వాళ్లుంటారు. ఆ కుందేలు పొద్దుట్నించీ ఎన్ని చేతులు మారిందో పాపం. ఆ కుందేలు ఊలు మీద ఆసక్తి ఉన్నవాళ్లు కుందేలుని వదిలేసి ఊలు ఉండలు కొనండి. అంగోరా చాలా వెచ్చన, కానీ సాగే గుణం లేదు, రాలుతుంది. ఒట్టి అంగోరాతో అల్లితే మేజోడు కాలికి నిలవదు. గొర్రె ఊలు కలిపిందే తీసుకోవాలి.

కులు ఊళ్లో దసరా మనకి తిరగేసి ఉంటుంది. ఇక్కడ మనం జమ్మి ఆకు చేతిలో పెట్టి పండగ అయిపోయిందనుకునే విజయదశమి నాడు అక్కడ మొదలవుతుంది, వారం రోజులు. ఊరూరి దేవుళ్లు పల్లకీల్లో ఢాల్‌పూర్ మైదానానికి రఘునాథుడి దర్శనానికి వస్తారు. గదుల ధరలు ఆ వారం ఆకాశంలో ఉంటాయి, అందుకే మేము నగ్గర్‌లో ఉండి బస్సులో వచ్చిపోయాం. మైదానంలో దుప్పట్లు, ఊలు అంగళ్లు పండగ తర్వాత కూడా కొన్నాళ్లు ఉంటాయి. జనం తగ్గాక వెళ్తేనే తీరిగ్గా బేరం. అఖాడా బజార్‌లో నేతగాళ్లకి అమ్మే ఊలు తూకం లెక్కన దొరికింది, రంగులు చూస్తే మతిపోయింది. ఒక్క మాట గుర్తుంచుకోండి. మగ్గానికి వాడే ఊలు బాగా సన్నం, రెండు మూడు పోగులు కలిపి అల్లాలి. కొనేటప్పుడే ఆ లెక్క వేసుకుని బరువు చూసుకోవాలి.

భుంతర్ దగ్గర శంశీలో భుట్టికో సహకార సంఘం ఉంది, 1944లో పుట్టింది. ఒకే ధర, బేరం లేదు, లేబుల్ మీద ఏ ఊలో రాసి ఉంటుంది. బేరం అంటే భయపడేవాళ్లు తిన్నగా ఇక్కడికే రండి. కులు శాలువా అంచు రంగులు సూదితో కుట్టినవి కావు, మగ్గం మీదే రంగురంగుల పోగుల్ని వేళ్లతో ఒక్కొక్కటీ దూర్చి నేస్తారు. అది చూశాక వదిన శాలువా ధర ఎక్కువనడం మానేసింది.

నగ్గర్ కోట అందరూ చూస్తారు, మేమూ చూశాం. సున్నం, సిమెంటు లేకుండా రాయి ఒక వరస, దేవదారు దూలం ఒక వరస పేర్చి కట్టింది. పైన రోరిక్ ఇల్లు ఉంది. రష్యన్ చిత్రకారుడు నికొలాయ్ రోరిక్ 1947లో పోయేదాకా అక్కడే ఉన్నాడు. ఆయన చిన్నకొడుకు స్వెతొస్లావ్ భార్యే తొలితరం హిందీ సినిమా తార దేవికారాణి. "మన వాల్తేరులో పుట్టిన పిల్ల" అంటూ వదిన టికెట్టు కౌంటర్ దగ్గర అందరికీ చెప్పింది.

అసలు సంగతి కొండ అవతల ఉంది. 2020లో అటల్ సొరంగం తెరిచాక లాహౌల్ లోయకి వెళ్లడం పగటిపూట పని అయిపోయింది. తొమ్మిది కిలోమీటర్ల సొరంగంలోకి దూరేటప్పుడు దేవదార్లు, బయటికొచ్చేసరికి చెట్టు చేమ లేని బూడిదరంగు కొండలు. సిస్సులో జనం, సెల్ఫీలు, మ్యాగీ కొట్లు. ఆగకండి. మనాలి నుంచి ప్రభుత్వ బస్సు లాహౌల్ ముఖ్య పట్టణం కీలాంగ్ దాకా పోతుంది, డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు. టాక్సీవాడు అడిగిన దానిలో పదో వంతు కూడా కాదు టికెట్టు. కీలాంగ్ ఎత్తు మూడు వేల మీటర్ల పైమాటే, మొదటి సాయంత్రం మెట్లెక్కడం, తలస్నానాలు పెట్టుకోకండి. గాలి ఎంత పొడి అంటే వేలి కొసలు పగిలి ప్రతి కుట్టుకీ ఊలు తగులుకుంటుంది. రాత్రి వాజలైన్ రాసుకుని పడుకోవాలి. కొబ్బరి నూనె అయితే ఊలుకి మరక అంటుతుంది.

అక్కడ హోమ్‌స్టేలో దిగాం, రెండు పూటలా భోజనంతో మనిషికి పదిహేను వందలు. గది నడుమ ఇనప పొయ్యి, దాని చుట్టూ ఇంటిల్లిపాదీ. కరెంటు పోయింది, వచ్చింది, మళ్లీ పోయింది. అయినా ఈ ప్రయాణంలో నాకు నచ్చిన బస అదే. ఇంటి పెద్దావిడ కోటు జేబులో ఊలు ఉండలు, చేతిలో నాలుగు సన్నటి స్టీలు సూదులు. మూడింటి మీద మేజోడు, నాలుగోది తిరుగుతూ ఉంటుంది. పొయ్యి మీద పప్పు చూస్తూ, మనవణ్ణి కసురుతూ, మాతో మాట్లాడుతూ చేతుల వంక చూడకుండా అల్లుతోంది. వరుసకి రెండు రంగులు. నేనైతే ఫోన్‌లో గళ్ల చార్టు పెట్టుకుని ఒక్కొక్క గడీ లెక్కపెడతాను. ఆవిడకి చార్టు లేదు, కింది వరుసని చూస్తే పై వరుస తెలిసిపోతుంది.

మేజోడు తిరగేసి చూపించమన్నాను. రంగుల అల్లిక బాగోగులు లోపలే తెలుస్తాయి. వాడని రంగు పోగు వెనకాల వేలాడుతూ పోతుంది కదా, అది పొడుగైతే కాలివేళ్లు ఇరుక్కుంటాయి, బిగిస్తే మేజోడు సాగదు. ఆవిడవి మూడు నాలుగు కుట్లకి మించి ఎక్కడా వదల్లేదు. రంగు మార్చే ముందు ప్రతిసారీ కుడి సూది మీది కుట్లని బొటనవేలితో వెనక్కి జరిపి, వెడల్పు చేసి, అప్పుడు రెండో రంగు అందుకుంటోంది. వీడియోల్లో ఎవరూ ఇంత స్పష్టంగా చూపించలేదు. నాకు కనపడాలని ఆవిడ రెండు వరుసలు ప్రత్యేకంగా నెమ్మదించింది.

జత ఏడు వందలంది. వదిన అలవాటుకొద్దీ "కుఛ్ కమ్ కీజియే ఆంటీజీ" అంది. ఆవిడ నవ్వి ఊరుకుంది. వదిన కాలు తొక్కాను. మాల్ రోడ్డులో నూటయాభైకి అదే డిజైను దొరుకుతుంది, మిషన్ మీద అక్రిలిక్‌తో. చేతి అల్లిక జతకి ఎన్ని సాయంత్రాలు పడతాయో నాకు తెలుసు. లాహౌల్ మేజోళ్లకీ గ్లోవ్స్‌కీ 2021లో జీఐ, అంటే ఆ ప్రాంతపు సొంత సరుకని ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు, వచ్చింది. ఆ స్టిక్కరు కొట్లో ఎవరైనా అంటించగలరు, లోపలి పోగులు మాత్రం అబద్ధమాడవు. కాబట్టి స్టిక్కరు తర్వాత చూద్దురు, ముందు మేజోడు తిరగెయ్యండి. ఇంటికొచ్చాక చన్నీళ్లలో కాస్త షాంపూ వేసి పిండకుండా తీసి, తువ్వాల్లో చుట్టి అదిమి నీడలో పరచండి. వేడినీళ్లూ మిషనూ తగిలాయంటే ముద్దగా బిగిసి మీ మనవడికి సరిపోతాయి.

ఎన్నాళ్లు ఎక్కడ అంటే, మనాలి తీసేసి ఆ రాత్రి కీలాంగ్‌కి కలపండి. నగ్గర్‌ని ముట్టుకోవద్దు. మనవాళ్ల కోసం కొనేటట్టయితే పాదాలు కాగితం మీద గీయించుకుని, ఆ కాగితాలు వెంట పెట్టుకుని వెళ్లండి, అక్కడ సైజు నంబర్లుండవు. మా అన్నయ్య పాదం కాగితం చూసి పెద్దావిడ మనవణ్ణి పిలిచి చూపించి మరీ నవ్వింది. అంత పెద్దవి ఇంట్లో లేవంది. పొలంలో బఠాణీ, బంగాళాదుంప పని అయిపోయి మంచు పడ్డాక అల్లి పోస్టులో పంపుతానంది. డబ్బు ఇప్పుడే పంపిస్తానంటే వద్దంది, మేజోళ్లు చేరాక ఫోన్‌లో వేస్తే చాలంది. అడ్రసు తెలుగులో కూడా రాసివ్వనా అని వదిన అడిగింది. ఆవిడ కాగితం తీసుకుని, పాదం గీసిన వైపు తిప్పి, దాని మీదే రాయమంది.