చర్చి యూత్‌కి ఫుల్ సైజు క్యారమ్ బోర్డు: కొనొచ్చా?

నలుగురిలో నోరు విప్పని పదో తరగతి, ఇంటర్ కుర్రాళ్ళకి యూత్ మీటింగ్‌లో అసలు గండం మీటింగ్‌కి ముందు పావుగంట. కీబోర్డు వాయించేవాడికి, చాపలు పరిచేవాడికి ఏదో పని ఉంటుంది. వీళ్ళు మాత్రం ఫోన్ తీసి గోడకి చేరతారు. ఆ పావుగంటకి క్యారమ్ బోర్డుని మించిన వస్తువు లేదు. గుండ్రంగా నిలబెట్టి, పేరు చెప్పించి, చప్పట్లు కొట్టించే ఆటలతో ఈ పిల్లలు ఇంకా ముడుచుకుపోతారు. ఇక్కడైతే చూపు కాయిన్స్ మీద, చేతిలో పని. మాట్లాడకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

కొనేటప్పుడు ఆడే భాగం 74 సెం.మీ. చదరం ఉందో లేదో చూడండి. పోటీ నియమాల ప్రకారం ప్లైవుడ్ మందం కనీసం 8 మి.మీ. ఉండాలి, వారం వారం వాడకానికి 12 మి.మీ. తీసుకోండి. బొమ్మల షాపుల్లో దొరికే పల్చటి బోర్డు మధ్యలో కుంగుతుంది, కాయిన్ దారి తప్పుతుంది, గురి సరిగ్గా ఉన్నవాడికీ పడదు. అసలే తనమీద తనకి నమ్మకం లేని కుర్రాడు మళ్ళీ ఆ కుర్చీలో కూర్చోడు. షాపులోనే పౌడర్ చల్లించి స్ట్రైకర్‌ని (కాయిన్స్‌ని కొట్టే పెద్ద బిళ్ళని) గట్టిగా కొట్టండి; అంచుల మధ్య అటూ ఇటూ మూడున్నర సార్లైనా తిరగాలి. స్ట్రైకర్ 15 గ్రాములు దాటకూడదు. 63 నుంచి 70 సెం.మీ. ఎత్తు స్టాండ్ కూడా కొనండి. నేలమీద పెడితే చుట్టూ జనం మూగుతారు, అంతమంది చూస్తుంటే బిడియస్తుడికి వేలు కదలదు. అందుకే బోర్డు హాలు మధ్యలో వద్దు, ఒక మూలకి వేయండి. అలాగని తలుపులేసిన గదిలో వద్దు. పెద్దవాళ్ళకి కనబడేచోటే ఉండాలి.

ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నదానికి లెక్కుంది. డబుల్స్‌లో పార్ట్‌నర్ ఎదురుగా, అవతలి జట్టు చెరోపక్కా కూర్చుంటారు. యూత్ లీడర్ ఆ కుర్రాడికి పార్ట్‌నర్‌గా కాక, పక్క కుర్చీలో ప్రత్యర్థిగా ఉండాలి. ఎదురుగా ఉంటే ముఖంలో ముఖం పెట్టాల్సొస్తుంది. పక్కనుంటే ఇద్దరి చూపూ బోర్డు మీదే, మాట దానంతటదే వస్తుంది. కాయిన్స్ పేర్చే పని వాడికివ్వండి: నడుమ రెడ్ (ఎర్ర కాయిన్), చుట్టూ ఆరు, ఆ చుట్టూ పన్నెండు. చాలాసార్లు వాడి నోట వచ్చే మొదటి మాట, "అన్నా, స్ట్రైకర్ పడింది, ఫైన్ కట్టండి!" స్ట్రైకర్ గుంటలో పడితే ఫైన్‌గా ఒక కాయిన్ వెనక్కి పెట్టాలి; కట్టేయండి, బేరమాడొద్దు. ప్రార్థన మనవులు, చదువు సంగతులు ఆ రోజే అడగొద్దు.

గెలిచినవాళ్ళే ఉండిపోయే పద్ధతి పెట్టారా, నెల తిరక్కుండా బోర్డు ఓ నలుగురి సొంతమైపోతుంది. 25 పాయింట్ల గేమ్ కూడా పెట్టుకోకండి, ఒక్క బోర్డుతో, అంటే కాయిన్స్ పేర్చి ఒక జట్టువి అయిపోయేదాకా ఆడే ఒక్క ఆటతో ఆపండి. ఎదురుచూసేవాళ్ళు లేకపోతే ఒకడు కదలకుండా మిగతా ముగ్గురూ ఒక్కో కుర్చీ కుడికి జరగాలి. మూడు బోర్డుల్లో ప్రతివాడూ ప్రతివాడికీ పార్ట్‌నర్ అవుతాడు. బొటనవేలితో కొట్టొచ్చా, రెడ్‌కి ఫాలో (రెడ్ వేశాక వెంటనే వేయాల్సిన సొంత కాయిన్) పడకపోతే ఏంటి అన్నవి ముందే గోడకి రాసి అంటించండి. గొడవలన్నీ అక్కడే.

లోపాలు లేకపోలేదు. ఒకేసారి నలుగురే ఆడగలరు. పన్నెండుమంది వచ్చేచోట రెండు బోర్డులు కావాలి. వానాకాలం, ముఖ్యంగా కోస్తాలో, గోడకి ఆనించి వదిలేస్తే ప్లై వంగుతుంది; పౌడర్ ముద్దకడుతుంది. పొడిబట్టతో తుడిచి, కవరు తొడిగి, బల్లపరుపుగా దాచండి. తడిబట్ట అసలు పెట్టొద్దు. బోరిక్ పౌడర్ నోట్లోకి వెళ్ళకూడదు కాబట్టి డబ్బా సండే స్కూల్ పిల్లలకి అందనిచోట పెట్టి, ఆడినవాళ్ళు చేతులు కడుక్కునేలా చూడండి.

పాట మొదలయ్యేసరికి స్ట్రైకర్ లీడర్ జేబులో ఉండాలి. లేదంటే ప్రార్థన మధ్యలో టక్కుమని వినబడుతుంది.